చేతులు కడిగే గిన్నె

"గుడ్లు ఉడికాయా, సెఫీనా?" అని మంచం మీద నుంచే అడిగింది ఆడపడుచు లూపె.

ఉడికాయి. ఒలవడం, ఉప్పు జల్లి డబ్బాలో సర్దడం కూడా అయిపోయింది. రొట్టెల మధ్య డబ్బా మాంసం పెట్టి కట్టిన పొట్లాలు ఒక సంచిలోకి, నీళ్ళ సీసాలు ఐసు పెట్టెలోకి వెళ్ళాయి. చేతులు కడిగే గిన్నె, తువ్వాలు వాటి పైన ఎక్కాయి. తీరిగ్గా తిరిగొద్దామని సముద్రం దాటి వచ్చినా ఆ గిన్నె మాత్రం ఇంట్లో ఉండిపోలేదు. పెద్దవాళ్ళు అన్నానికి కూర్చున్నప్పుడు ముందు మోకాళ్ళ మీద వంగి నీళ్ళ గిన్నె పట్టుకోవడం, భుజం మీది తువ్వాలు అందించడం కోడలి పని. మా సమోవా వాళ్ళం లాంగ్ బీచ్‌లో ఉన్నా ఈ ఓహూ దీవిలో ఉన్నా చంద్రమండలంలో ఉన్నా ఆ పని కోడలిదే.

అత్తగారికి డెబ్బై నిండాయని పిల్లలంతా కలిసి ఓహూ ఉత్తరపు ఒడ్డున ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నారు. సముద్రం కనిపించే ఇల్లే కావాలని లూపె పట్టుబట్టి మరీ తీసుకుంది. సెఫీనాకి ఆ సముద్రం సింకు మీది కిటికీలోంచి కనిపించింది. వారం రోజులుగా రోజూ కనిపిస్తూనే ఉంది. పొద్దున బియ్యం కడుగుతున్నప్పుడు నీలంగా, సాయంత్రం గిన్నెలు తోముతున్నప్పుడు నారింజ రంగులో, అబ్బో, ఎంత బాగుందో.

మాలో మొగుడింట్లో కాపురం ఉండే ఆడమనిషిని నోఫోతానే అంటారు. తిట్టేం కాదు. కానీ ఆ మాట అన్నాక ఇక వేరే తిట్టు అవసరం ఉండదు. అదే మనిషి పుట్టింటికి వెళ్తే అక్కడ ఆమె మహారాణి. అన్నదమ్ములు ఆమె మాట జవదాటరు, మంచి ముక్క ఆమె విస్తట్లోనే పడుతుంది, ఆమెకు కన్నీరు తెప్పించినవాడికి బతుకు బాగుపడదని గట్టి నమ్మకం. అందుకే లూపెకి ఈ ఇంట్లో అంత చెల్లుబాటు. లూపె మీద సెఫీనాకి కోపం కూడా ఎప్పుడూ నిలబడలేదు, హక్కు ఉన్న మనిషి హక్కు వాడుకుంటోంది. తన హక్కు ఎక్కడుందో కూడా సెఫీనాకి తెలుసు. ఇక్కడికి గంట దూరంలో, వైపాహులో, తమ్ముడు ఆపెలు ఇంట్లో ఉంది. ఆ తమ్ముణ్ణి చూసి తొమ్మిదేళ్ళు దాటింది.

ప్రయాణం ఖాయమైన రోజే ఆపెలు ఫోను చేశాడు. ఆదివారం చర్చి అయ్యాక మా ఇంట్లోనే భోజనం అక్కా, పందిపిల్లని చెప్పి ఉంచాను, నువ్వు వేలు కూడా కదపకూడదు అన్నాడు. ఆ సంగతి మొగుడు ఫెరెతీ చెవిన వేస్తే "చూద్దాం" అన్నాడు. అతనికి 'లేదు' అనడం రాదు, మంచివాడని పేరు. అందుకని ప్రతిదానికీ చూద్దాం అంటాడు, ఆ లేదు అనే మాటను ఇంకెవరో అనే దాకా ఆగుతాడు. ఈసారి అత్తగారు అంది. "ఆదివారం అందరం కలిసి తినాలి. నువ్వు వెళ్తే వండేదెవరు? కోడలికి ఆదివారాలు ఉండవమ్మా." ఆవిడ పుట్టినరోజు బుధవారమే అయిపోయింది. దానికి వండిన గిన్నెల మసి సెఫీనా గోళ్ళలో ఇంకా ఉంది. సోమవారం విమానం. అంటే ఆదివారం పోతే తమ్ముడు పోయినట్టే, మళ్ళీ ఎన్నేళ్ళకో.

శనివారం ప్రదర్శన గ్రామానికి వెళ్దామన్నది కూడా అత్తగారే. మా దీవులన్నింటికీ తలా ఒక పల్లె కట్టి, గుడిసెలు వేసి, పడవలు తిప్పి, మేం ఎలా బతుకుతామో టికెట్టు పెట్టి చూపించే చోటది. లాంగ్ బీచ్‌లో పుట్టిన మనవలు సొంత ఊరి ఇల్లు ఎలా ఉంటుందో చూడాలని ఆవిడ ముచ్చట. సెఫీనా ఐసు పెట్టెకి ఒక పక్క, పద్నాలుగేళ్ళ కూతురు పువా ఇంకో పక్క పట్టుకున్నారు. లోపలికి తిండి తీసుకెళ్ళనివ్వరని గేటు దగ్గర తేలాక మళ్ళీ బండి దాకా మోసుకెళ్ళి పెట్టి వచ్చారు.

తోంగా పల్లె, తాహితీ పల్లె చుట్టి సమోవా పల్లెకి చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. తాటాకు పందిరి కింద బల్లలు వేశారు. అత్తగారిని ముందు వరసలో నీడలో కూర్చోబెట్టి, విసనకర్ర ఇచ్చి, సెఫీనా వెనకాల చివర కూలబడింది. పాదాలు చెప్పుల్లోంచి పొంగి వస్తున్నాయి. లాంగ్ బీచ్‌లో ఒక వృద్ధాశ్రమంలో ఆమెది ముసలివాళ్ళను లేపి కూర్చోబెట్టే పని. బరువు ఎక్కువున్న గదులన్నీ ఆమెకే రాస్తుంది సూపర్‌వైజరు. మీవాళ్ళు బలంగా ఉంటారు కదా అంటుంది నవ్వుతూ, అదేదో పొగడ్తలాగా. ఆ బలం సంగతి నడుముకి తెలుసు. కూర్చోవడం దొరికింది చాలు, వేదిక మీద ఏం జరిగినా సరే అనుకుంది.

వేదిక మీద నడుముకి లావలావా గుడ్డ చుట్టిన కుర్రాడు ఒకడు మాటకారి. కర్ర మీద కర్ర రాసి నిప్పు పుట్టించాడు, జనం చప్పట్లు కొట్టారు. తర్వాత మైకు పట్టుకుని, మా దేశంలో వంట మగవాళ్ళ పని తెలుసా అన్నాడు. రాళ్ళు కాల్చాలి, కొబ్బరి గీరాలి, పొయ్యి పేర్చాలి, అన్నీ మగాళ్ళే. "మరి ఆడవాళ్ళు ఏం చేస్తారనుకున్నారు? కూర్చుని అందంగా ఉంటారు. అంతే." బల్లల మీద ఆడవాళ్ళంతా ఈలలు వేశారు. కుర్రాడు చెప్పింది అబద్ధం కాదు. సెఫీనా నాన్న, అన్నలు, ఆపెలు, అందరూ ఆదివారం తెల్లారగట్లే రాళ్ళు కాల్చినవాళ్ళే. సముద్రం దాటి వచ్చేటప్పుడు ఆ పని మాత్రం ఎవరూ మూటలో కట్టుకోలేదు. అపార్టుమెంటులో రాళ్ళ పొయ్యి ఎక్కడ పెడతాం అన్నారు, గ్యాసు పొయ్యి వచ్చింది, గ్యాసు పొయ్యి ముందు ఎందుకో గాని ఆడమనిషే నిలబడింది.

ఈ జనంలో అసలు సిసలు సమోవా మగాడెవరైనా ఉన్నాడా అని అడిగాడు కుర్రాడు. లూపె తమ్ముడి వీపు మీద ఒక్కటి చరిచి లేపింది. ఫెరెతీ సిగ్గుపడుతూనే వేదిక ఎక్కాడు.

కొబ్బరికాయ ఇచ్చారు. నేలలో పాతిన మొనకర్రకి గుచ్చి, అటొకసారి ఇటొకసారి తిప్పి పీచు ఒలిచేశాడు. రాయితో ఒక్క దెబ్బకి సరిగ్గా సగానికి పగలగొట్టాడు. కోరాము పీట మీద కాళ్ళు చాపి కూర్చుని చిప్ప తిప్పుతూంటే తెల్లటి తురుము వానలా పడింది. పీచులో వేసి పిండి చిక్కటి పాలు తీశాడు. లేత చేమాకులు ఒకదాని మీద ఒకటి వేసి అరచేతిలో దొప్ప చేశాడు, పాలు పోశాడు, ఒక చుక్క కింద పడకుండా మూతి కట్టేశాడు. ఎక్కడా తడుముకోలేదు. కుర్రాడే నోరు తెరిచి, "అన్నా, నువ్వు ఇక్కడ ఉద్యోగంలో చేరిపో" అన్నాడు. తర్వాత మైకు అతని మూతి దగ్గర పెట్టి ఇంట్లో వంట ఎవరిది అని అడిగాడు.

"ఇంకెవరిది, నాదే. సమోవా మగాణ్ణి కదా" అన్నాడు ఫెరెతీ.

పందిరి ఎగిరిపోయేలా చప్పట్లు. సెఫీనా పక్కన కూర్చున్న తెల్లావిడ ఎవరో, అతను మీ ఆయనేనా, ఎంత అదృష్టవంతురాలివి అంది. సెఫీనా తలూపింది.

పువా పుట్టాక ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజు గుర్తొచ్చింది ఆమెకి. కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి. కాస్త అన్నం వండుతావా అని అడిగితే ఫెరెతీ పాపం చేతులు రెండూ చాపి చూపించాడు. "నా చేతికి వంట పట్టదే సెఫీనా. చిన్నప్పటి నుంచీ అంతే." ఆమె నమ్మింది. నమ్మడమే కాదు, జాలి కూడా పడింది. గోడ పట్టుకుని నడిచి వెళ్ళి తానే బియ్యం పెట్టుకుంది. ఆ తర్వాత ఎన్ని జ్వరాలు, ఎన్ని రాత్రి డ్యూటీలు, ఎన్నిసార్లు ఒళ్ళు హూనమై వచ్చి చెప్పులు కూడా విప్పకుండా పొయ్యి వెలిగించింది, ప్రతిసారీ ఆ చాపిన చేతులే కళ్ళముందుకు వచ్చేవి, పోనీలే పాపం రానివాణ్ణి ఏమంటాం అనుకునేది. ఆ చేతులే ఇప్పుడు ఇంతమంది ముందు చేమాకు పొట్లం ఎత్తి చూపిస్తున్నాయి. అతనికి రాకపోవడం వేరు, వచ్చీ రాదని చెప్పడం వేరు. కోపం రావలసిందే. కానీ కోపానిక్కూడా కాస్త ఓపిక ఉండాలి కదా. ఆమెకి వచ్చింది నీరసం. ఇన్నాళ్ళు ఎత్తిన బరువు ఎవరిదో తెలిశాక కలిగే నీరసం.

"అమ్మా, నాన్నకి వంట వచ్చా?" అంది పువా చిన్నగా.

"వచ్చినట్టే ఉంది" అంది సెఫీనా.

మధ్యాహ్నం బండి పక్కన గడ్డి మీద చాప పరిచారు. సెఫీనా సీసాలోని నీళ్ళు గిన్నెలో పోసి ముందు అత్తగారి దగ్గరా, తర్వాత లూపె దగ్గరా వంగింది. లూపె వేళ్ళు ముంచి కడుక్కుంటూ, వేదిక మీది ఆ చేమాకు పొట్లాలు చూస్తే నోరూరిందనీ, రేపు భోజనంలోకి అవే చెయ్యమనీ చెప్పింది.

"రేపు ఫెరెతీ చేస్తాడు వదినా" అంది సెఫీనా. గొంతు పెంచలేదు. తువ్వాలు కూడా అందించింది.

ఫెరెతీ నవ్వేశాడు. అదేదో ఆటకి అన్న మాట అన్నాడు.

"ఆటకే చెయ్యి. వచ్చని అందరూ చూశారుగా. నేనూ పువా మా తమ్ముడింటికి వెళ్తున్నాం. ఇందాకే ఫోను చేశాను, పొద్దున్నే బండి తెస్తానన్నాడు."

మైకులో అన్న మాటలకి కూడా అలిగేవాళ్ళుంటారా, పెద్దావిడ ఏం తిని చావాలి అని లూపె అందుకుంది. ఫెరెతీ చూద్దాం అనబోయి, పెళ్ళాం మొహం చూసి, రొట్టె నోట్లో పెట్టుకున్నాడు. అత్తగారు మాత్రం గుడ్డు నెమ్మదిగా నమిలి మింగింది.

"వాడికి ఎనిమిదో ఏటే వాళ్ళ నాన్న నేర్పాడు. బాగానే చేసేవాడు" అంది.

"ఇన్నేళ్ళలో మీరు ఒక్కసారి చెప్పలేదు అత్తయ్యా."

"నువ్వడగలేదుగా" అంది ఆవిడ, ఆ మాటలో విసుగు గాని వెటకారం గాని లేకుండా. తనూ ఎప్పుడో ఎవరినీ అడగకుండా ఊరుకున్న మనిషే మరి.

ఆదివారం ఆపెలు అన్నట్టే వచ్చాడు, తెల్ల చొక్కా, తెల్ల లావలావా, జుట్టుకి పొగవాసన. తెల్లారకముందే రాళ్ళు కాల్చి వచ్చాడు. చర్చిలో అక్కని ముందు బల్ల మీద కూర్చోబెట్టాడు. ఇంటికి తీసుకెళ్ళి కొత్త చాప మీద, స్తంభానికి ఆనుకునే చోట కూర్చోబెట్టాడు. అది ఇంట్లో పెద్దవాళ్ళ చోటు. వీపు ఆన్చగానే సెఫీనాకి ఒళ్ళంతా విడిచేసినట్టయింది, ఏడుపొచ్చేంత హాయిగా ఉంది. లోపల గిన్నెల చప్పుడు వినిపిస్తే లేవబోయింది, అలవాటు. "కూర్చో అక్కా" అని ఆపెలు గదిమాడు. పందిమాంసం, చేమదుంపలు, చేమాకు పొట్లాలు విస్తరి నిండా ఒక్కొక్కటే వచ్చాయి. వాటితో పాటు సేమ్యా కూర, అన్నం, కోకో జావ. అవి రాళ్ళ పొయ్యిలో అయ్యేవి కావు.

అవి తెచ్చింది మరదలు తైమానే. ఇంకా చర్చి బట్టల్లోనే ఉంది, చంకల దగ్గర తడిసిపోయింది. పిల్లలందరి తెల్లబట్టలూ గంజి పెట్టి ఇస్త్రీ చేసినవి. అన్నీ సర్ది, భుజం మీద తువ్వాలు వేసుకుని, నీళ్ళ గిన్నె పట్టుకుని సెఫీనా ముందు మోకాళ్ళ మీద వంగింది. వంగేటప్పుడు ఒక చెయ్యి నడుముకి పోయి వెనక్కి వచ్చింది. ఆ చెయ్యి ఎందుకు పోయిందో సెఫీనాకి ఎవరూ చెప్పనక్కర్లేదు. గిన్నె అంచు పట్టుకున్న ఆ వేళ్ళు నాని ముడతలు పడి ఉన్నాయి.

"నువ్వూ కూర్చో" అంది సెఫీనా.

"మీరు కానివ్వండి వదినా. నేను తర్వాత తింటాను."

ఆ మాట సెఫీనాదే. ఇన్నేళ్ళుగా లూపెతో అన్నది, అదే మెత్తటి గొంతుతో, అలాగే నవ్వు పులుముకుని. తొమ్మిదేళ్ళుగా ఈ స్తంభం, ఈ చాప తలచుకుని బతికింది తను. ఇక్కడ గిన్నె ఎవరు పట్టుకుంటారో ఒక్కసారీ తలచుకోలేదు. పువా అన్నం ముట్టకుండా తల్లినే చూస్తోంది.

"ఆపెలూ" అంది సెఫీనా. "ఈ ఇంట్లో నా మాట ఎవరైనా కాదంటారా?"

"ఎవరంటారక్కా? నువ్వు చెప్పడమే ఆలస్యం."

సెఫీనా తైమానే చేతుల్లోంచి గిన్నె తీసుకుంది. నీళ్ళు తొణక్కుండా తమ్ముడి చేతుల్లో పెట్టింది. తువ్వాలు అతని భుజం మీద వేసింది.

"అయితే ముందు నీ పెళ్ళానికి పట్టు."

ఆపెలు అక్క వంక చూశాడు, పెళ్ళాం వంక చూశాడు, మోకాళ్ళ మీద వంగాడు. తైమానే చేతులు చాచడానికే చాలాసేపు పట్టింది.