డాబా మీది నీలం తాడు

మా ఆయన జగన్మోహన్ గారు ముప్ఫై నాలుగేళ్లు బట్టలు, తాళ్లు పరీక్షించే ల్యాబులో పనిచేసి రిటైరయ్యారు. రిటైరయ్యారని ఆయనకు ఇంకా ఎవరూ చెప్పినట్టు లేరు. పెళ్లికి వెళ్తే పెళ్లికొడుకు షేర్వానీ అంచు నలిపి చూస్తారు. రాంనగర్‌లో తెలిసినవాళ్లింట్లో పెద్దాయన పోతే చూడటానికి వెళ్లాం. మీద కప్పిన శాలువా తడిమి, కొడుకు చెవిలో "ఉన్ని గాదు బాబూ, ఆక్రిలిక్" అన్నారు. ఆ అబ్బాయి ఏడుపు ఆపి, "అవునా అంకుల్, షాపోడు ఉన్ని అనే చెప్పి ఇచ్చిండు" అన్నాడు.

వంటింట్లో నన్ను పాలిస్టర్ చీర కట్టనివ్వరు. నూలు కాలితే బూడిదవుతుందట, పాలిస్టర్ కరిగి ఒంటికి అతుక్కుంటుందట. ఫైరింజనువాళ్ల కోట్లలో అరామిడ్ అనేదొకటి ఉంటుందట, అది కరగనే కరగదట. సాక్సు సాగేది స్పాండెక్స్ వల్లనట. నేను పోపు వేయిస్తూ "ఊఁ" అంటాను. పెళ్లయినప్పటి నుంచీ అంటూనే ఉన్నాను. ఒక్క ముక్క చెవికెక్కించుకున్న పాపాన పోలేదు.

నా బాధ వేరు. ఏడాదిగా ఆయన తెల్ల బనియన్ల మీద నీలం నలుసులు అంటుకుని వస్తున్నాయి. దులిపితే పోవు, తొడుక్కుంటే దురద. మా ఇంట్లో బట్టలుతికేది మాసమ్మ. పాలమూరు నుంచి వచ్చి బస్తీలో కిరాయికి ఉంటుంది. "రంగు బట్టలతో కలిపి నానబెడుతున్నవ్" అంటాను నేను. "నేను కలుపలేదమ్మా. డాబా మీది తాడు రాలుతున్నది" అంటుంది తను. తాడు రాలడమేమిటి నా తలకాయ! సబ్బు మార్చాను. బకెట్ మార్చాను. మాసమ్మనే మారుస్తానని రెండుసార్లు బెదిరించాను.

మొన్న మే నెలలో మా అపార్ట్‌మెంటుకు రంగులు వేయించాలని సెక్రటరీ వీరరాఘవరావు గారికి తోచింది. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీంచి చూస్తే మా బిల్డింగ్ ఒక్కటే నల్లగా కనబడుతోందట. వానలు పడేలోగా అయిపోవాలన్నారు. పెయింటరు మాసమ్మ పెనిమిటి పీరయ్యే. తాడుకు చెక్కపలక కట్టుకుని, దాని మీద కూర్చుని, ఐదంతస్తుల గోడా దిగుతూ రంగు వేస్తాడు. అతని నైలాన్ తాడు లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర ఇంకో బిల్డింగుకు కట్టి ఉంది. అక్కడి మేస్త్రీ తన పని అయ్యేదాకా ఇవ్వనన్నాడు.

ఆ శనివారం పొద్దున బట్టలు తీద్దామని డాబా ఎక్కితే నా లంగాలు, దిండు గలీబులు, ఆయన బనియన్లు నీళ్ల ట్యాంకు పక్కన కుప్పగా పడి ఉన్నాయి. తాడు లేదు. వీరరాఘవరావు గారు దాన్ని చుట్ట చుట్టి పీరయ్య చేతిలో పెడుతున్నారు.

"గింత మంచి తాడు ఉండంగ కొత్తది ఎందుకమ్మా?" అన్నారు నన్ను చూసి. "బొటనవేలంత లావున్నది. మూడేండ్ల కింద వినాయకుని లారీకి కట్టినం. ఇంచు కదలలే. టిఫిన్ చేసి పదింటికి దిగుతడు."

నాకు ఒళ్లు మండింది. తాడు గురించి కాదు, లంగాల గురించి. బట్టలన్నీ ఒళ్లో వేసుకుని కిందికొచ్చి మా ఆయన మీద పడ్డాను.

"ఏ తాడు?" అన్నారు ఆయన.

"నీలంది. బట్టలారేసేది. పీరయ్య దిగడానికి ఇచ్చేశారు."

కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. "అది పాలీప్రొపిలీన్ విద్యా. మూడు ఎండకాలాలు మండింది. పైకి లావు అట్లనే కనిపిస్తది, లోపల పోగులన్ని చివికిపోయి ఉంటయ్. నైలాన్ అయితే సాగుతది, గుంజినా ఓర్చుకుంటది. ఇది ఓర్వదు. వాడు పడిపోతడు."

అని లేచి కాగితం, పెన్ను వెతుక్కున్నారు.

"నోటితో చెప్పరాదా?"

"నోటితో చెప్తే రికార్డు ఉండదు."

రెండు పేజీలు రాసి సెక్రటరీ ఫ్లాటుకు వెళ్లి ఇచ్చి వచ్చారు. "రేపు మీటింగ్‌ల పెడదాం సార్" అన్నారట. ఈయన "సరే" అన్నారట. ఇప్పుడు ఇంకో ఉత్తరం మొదలుపెట్టారు, పైన "అత్యవసరం" అని. శవం పక్కన శాలువా తప్పు పట్టిన మనిషికి బతికున్న సెక్రటరీ ముందు నోరు పెగల్లేదు. నాకు కోపం, జాలి రెండూ వచ్చాయి. ఏం చేయాలో తోచక బనియన్ మడత పెట్టబోయాను. నీలం నలుసులు.

తాడు రాలుతున్నది.

టైము పదికి ఐదు నిమిషాలు. బనియన్ చేతిలో పట్టుకునే మెట్లెక్కాను.

పీరయ్య తాడు కొస స్తంభానికి కట్టి, పలక బయటికి వేలాడేసి, ఒక కాలు పిట్టగోడ దాటించాడు.

"పీరయ్యా, ఆగు! కాలు లోపలికి తియ్యి!"

"ఏమైందమ్మా?"

"చెయ్యి చూపియ్యి."

చూపించాడు. రెండు అరచేతులూ నీలం పొడి. బనియన్ పక్కన పెట్టి చూపించాను. ఇక నా నోటి నుంచి ఇన్నేళ్ల చదువూ ఊడిపడింది. పాలీప్రొపిలీన్ అన్నాను, ఎండ అన్నాను, చివికిన పోగులన్నాను, నైలాన్ ఓర్చుకుంటదన్నాను. వరస తప్పే ఉంటుంది. స్పాండెక్స్ కూడా వచ్చిందనుకుంటా.

పీరయ్య ఓపికగా విన్నాడు. "సెక్రటరీ సారు ఏం గాదన్నడమ్మా."

"ఇగ మీరు గూడ మొదలువెట్టిన్రా?" అన్నారు ట్యాంకు నీడన నిలబడి ఉన్న వీరరాఘవరావు గారు.

"అయితే ముందు ఆ లప్పం బస్తా దింపండి" అన్నాను. గోడలకు పూసే లప్పం నలభై కిలోల బస్తా అక్కడే ఉంది. "అది నేల మీదికి దిగితే పీరయ్య దిగుతడు."

"సరే, మీ తృప్తికి" అన్నారాయన నవ్వుతూ.

మాసమ్మ కింద గేటు దగ్గర ఉంది. గోడ కిందికి ఎవరినీ రానివ్వొద్దని కేకేశాను. పీరయ్య పలకకు బస్తా కట్టి, స్తంభం చుట్టూ తిప్పిన తాడును మెల్లగా వదలసాగాడు. నాలుగో అంతస్తు దాటింది. మూడో అంతస్తు దగ్గర పిట్టగోడ అంచున తాడు తెగింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. కాస్త నీలం పొడి లేచింది, అంతే. చప్పుడు కింద అయింది.

తొంగి చూస్తే ముందు తెల్లటి పొగ. అది అణిగాక మాసమ్మ కనబడింది. ఇద్దరు స్కూటరువాళ్లను ఆపుతూ చాచిన చేతులు అలాగే ఉన్నాయి. బస్తావైపు చూడటం లేదు. తల పైకెత్తి మా ముఖాల్లో మొగుడి ముఖం వెతుకుతోంది.

"ఉన్న, ఉన్న" అని చెయ్యి ఊపాడు పీరయ్య. తర్వాత తెగిన కొసను చాలాసేపు చూశాడు. "నేను అరవై రెండు కిలోలుంటనమ్మా" అన్నాడు.

వీరరాఘవరావు గారు ఫోన్ తీసి కొత్త తాడు కోసం ఎవరినో అడగసాగారు. మా ఆయన రెండో ఉత్తరంతో అప్పుడు వచ్చారు.

"ఎంత బరువు?"

"నలభై కిలోలు" అన్నాను.

రాసుకోబోయారు. పెన్ను మూత తీయకుండానే గీస్తున్నారు. ఆ కాగితం నేనే తీసుకుని రాశాను.

ఆదివారం నారాయణగూడ నుంచి రెండు నైలాన్ తాళ్లు వచ్చాయి, ఒకటి పలకకు, ఒకటి పీరయ్య నడుముకు. రంగులు అయ్యేదాకా మా ఆయన గొడుగేసుకుని డాబా మీదే కూర్చున్నారు.

సోమవారం మాసమ్మ ఎప్పట్లాగే వచ్చి బట్టలు నానబెట్టింది. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. ఇంట్లో పనిచేసేవాళ్లతో ఆ మాట అనడం నాకదే మొదలు.

"తప్పయింది మాసమ్మా" అన్నాను.

బనియన్ పిండుతూ తలెత్తింది.

"ఏ ముచ్చటకమ్మా?" అంది.

వెటకారం కాదు. నిజంగానే అడిగింది.