మూసిన గాడి

డెట్రాయిట్‌లో మురుగు కాలవలు ఎదురుతన్ని ఇళ్ల కింది గదులన్నీ మునిగిన ఏడాది జరిగింది ఇది. కార్వర్ తన ఇంట్లో అలాంటి గదిలోనే, పాత గ్రామఫోను రికార్డులు పైకి మోస్తూ చనిపోయాడు. కొత్త టెక్నో పాట ఒకటి పూర్తిచేసి మరీ పోయాడు.

నేను రికార్డులు అచ్చువేసే ప్రెస్ మీద పనిచేస్తాను. నేను బడికెళ్లింది మూడేళ్లే. అచ్చు పళ్లెం మీద అక్షరాలు తిరగబడి ఉంటాయి. నాకవే చదవడం తేలిక. రికార్డు మీద పాట అయిపోయాక మిగిలే నున్నటి చోట మావాళ్లు ఏదో ఒక మాట గీయిస్తారు. కార్వర్ బతికుండగా రాసిచ్చిన మాట, ‘ముసలోడా, తలుపు తియ్.’ శుక్రవారం శుక్రవారం మా వెనక తలుపు మూడుసార్లు కొట్టి అలాగే అరిచేవాడు.

అక్టోబరులో నమూనా రికార్డులు ఐదు తీశాను. ఆ మధ్యాహ్నం వాటిని వినడానికి అతని భార్య వెర్డెల్, అతనితో కలిసి పాటలు కట్టే లమాంట్ వచ్చారు. వెర్డెల్ సరేనంటేనే రికార్డు. లేదంటే ఫైలుగా నెట్‌లో వదలడమే.

“ఫైలే మేలు వదినా,” అన్నాడు లమాంట్. “రికార్డులో బేస్ మోత సగం పోతుంది. పైగా ఆ చిటపటలు! పాట వింటున్నామా, చేపలు వేయిస్తున్నామా?”

“నీ పాటలకంటే ఆ చిటపటలే నయం. ఫోనులో దూరేదాన్ని మా ఆయన పాటనేవాడే కాదు. పెట్టన్నా నువ్వు.”

పెట్టాను. పాట బాగుంది. లమాంట్ కూడా తలాడించాడు. అయిపోయాక సూది చివరి గాడిలో పడింది. ఆ గాడి గుండ్రంగా మూసి ఉంటుంది. సూది ఎత్తేదాకా అక్కడే తిరుగుతుంది. దాన్ని చప్పుడు లేకుండా ఉంచమన్నాడు కార్వర్.

టక్. టక్. టక్.

కాస్త ఆగి, మళ్లీ మూడు.

“నీ ప్రెస్ తప్పే బాబాయ్,” అన్నాడు లమాంట్.

ఐదూ పెట్టాను. ఐదింటిలోనూ అదే. లమాంట్ ఫోను తీసి అసలు ఫైలు చివరిదాకా వినిపించాడు. అందులో ఏమీ లేదు.

“ఫైలే వదులుదాం,” అన్నాడు మెల్లగా. ఈసారి బేస్ మోత ఊసెత్తలేదు.

వెర్డెల్ నా మొహంలోకి చూసింది. “అన్నా, ఇదేంటో నీకు తెలుసు.”

“వరద రోజు వచ్చి కొట్టాడమ్మా,” అన్నాను. “విన్నాను. ప్రెస్ మీద పని సగంలో ఉంది. ఉండనీలే అనుకున్నా. తీసేసరికి ఇంటికెళ్లిపోయాడు.”

టక్. టక్. టక్. వెర్డెల్ సూది ఎత్తేస్తుందనుకున్నాను. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

“రికార్డే వెయ్యి. ఆ గాడి ముట్టుకోకు,” అంది. “వినేవాళ్లలో ఎవరో ఒకరు తలుపు తీస్తారు.”

మర్నాడు పొద్దున్నే వెళ్లి కార్వర్ అచ్చు ఎక్కించాను. ప్రెస్ వేడెక్కేలోపు వెనక తలుపు గొళ్లెం మరలు విప్పి, ఊడదీశాను.