కుడికాలి బొటనవేలు

అమావాస్య నాడు ధర్మవరం నేతవాళ్ళు మగ్గం ఎక్కరు. ఆ రోజు వీధి వీధంతా చప్పుడు లేక బోసిగా ఉంటుంది. చేతులు ఊరికే ఉండలేవు కాబట్టి మగవాళ్ళు పేకముక్కలు పట్టుకుంటారు. కదిరప్ప ఇంట్లో ఎప్పుడూ చింతగింజలు పెట్టుకుని ఆడేవాళ్ళు. యుద్ధం వచ్చి పట్టు దొరకడమే గగనమైన ఆ ఏడు మాత్రం హిందూపురం పట్టు వ్యాపారి సుంకప్ప వచ్చి చాప మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం తిరిగేసరికి కదిరప్ప దాచుకున్న రెండు కట్టల పట్టు, రెండు చీరలకు సరిపోయే పట్టు, సుంకప్ప మోకాలి పక్కకు చేరింది.

"ఇంగ నాకాడ ఏమీ లేదప్పా," అన్నాడు కదిరప్ప.

"ఏల లేదు? అదుండాది గదా."

సుంకప్ప గడ్డంతో మగ్గం వైపు చూపించాడు.

తలుపు చాటున నిలబడిన కూతురు కమలాక్షి తలుపు రెక్కను గట్టిగా పట్టుకుంది. వాళ్ళ వీధిలో మూడు మగ్గాలు అప్పటికే సుంకప్ప కొట్టంలోకి పోయాయి. నిన్నటిదాకా తమ ఇంట్లో తమ మగ్గం మీద నేసినవాళ్ళు ఇప్పుడు అదే మగ్గం మీద, ఆయన కొట్టంలో కూర్చుని కూలికి నేస్తున్నారు. అమ్మ ఇంట్లో ఉంటే ఈపాటికి ముక్కలు వీధిలో పడి ఉండేవి. అమ్మేమో చెల్లెలి కాన్పుకని పెనుకొండ పోయింది. కమలాక్షికి పదిహేనేళ్ళు. కొత్తవాళ్ళ ముందు నోరు పెగలదు.

అయినా ఆ పిల్ల ఒకటి కనిపెట్టింది. సుంకప్ప తన ముక్కల కన్నా ఎక్కువసార్లు నాయన కాళ్ళ వైపు చూస్తున్నాడు.

కదిరప్పకు ఒక అలవాటు ఉంది. చీర అంచు చక్కగా కుదిరి మనసు హాయిగా ఉంటే, మగ్గం దిగినా అతని కుడికాలి బొటనవేలు మగ్గం కింది గుంటలోని చెక్కను తొక్కినట్టే నేలను నొక్కుతుంది. పేకలోనూ అంతే. బొమ్మముక్కలు పడితే వేలు చాపను నొక్కుతుంది. పడకపోతే కదలదు. ఇది అతనికి తెలియదు. ఇంట్లో అందరికీ తెలుసు. పుట్టినప్పటి నుంచీ నేతవాళ్ళ మధ్య తిరిగిన సుంకప్పకూ తెలిసిపోయింది. పొద్దుటి నుంచి వేలు నొక్కినప్పుడల్లా అతను ముక్కలు పడేసి తప్పుకున్నాడు. నొక్కనప్పుడల్లా పందెం పెంచాడు.

ఇప్పుడు పంచే వంతు కదిరప్పది. ఏ ఆట ఆడాలో చెప్పే హక్కు పంచేవాడిది. మనిషికి మూడు ముక్కలు. మామూలు ఆటలో పెద్ద ముక్కలవాడిది గెలుపు. తిరగేసిన ఆటలో చిన్న ముక్కలవాడిది.

ఆ ఆట గుర్తురాగానే కమలాక్షికి ఉపాయం తట్టింది. అవ్వతో తిరగేసిన ఆట ఆడినప్పుడు కూడా నాయన వేలు రాజునూ రాణినీ చూసే నొక్కేది. ఆట మారిందని బుర్రకు తెలుసు గానీ కాలికి తెలియదు. అవ్వ ఎన్నిసార్లు పడీపడీ నవ్విందో.

గోడకు ఆనుకుని ఆకు నములుతున్న అవ్వ కుళ్ళాయమ్మ చెవిలో కమలాక్షి రహస్యంగా రెండు మాటలు చెప్పింది. అవ్వ నమలడం ఆపింది.

"ఒరే కదిరిగా, పొద్దన్నించీ ఒగటే ఆట ఆడి ఓడిపోతాండావు. తిరగేసి ఆడరా. నీ దరిద్రమన్నా తిరగబడతాదేమో."

సుంకప్ప నవ్వాడు. "ఆడప్పా, మీయమ్మ మాట ఏల తీసేసేది? నాకేదైనా ఒగటే."

కదిరప్ప పంచాడు. సుంకప్ప తన మూడు ముక్కలూ విప్పి చూసుకుని ఒక పట్టుకట్టను చాప నడుమకు నెట్టాడు. "ఇది నా పందెం. నువ్వు మగ్గం పెట్టు. నీ ముక్కలు చూపించమంటే రెండో కట్ట గూడా నేను పెట్టాల. సరేనా?"

కదిరప్ప తన ముక్కలను ఒక్కొక్కటే విప్పాడు. కమలాక్షి చూపు అతని కాలి మీదే ఉంది.

వేలు చాపను నొక్కింది. మళ్ళీ నొక్కింది.

అంటే నాయన చేతిలో బొమ్మలున్నాయి. ఈ ఆటలో అవి చెత్త. సుంకప్ప వేలిని నమ్మి తప్పుకుంటే సరే, చూపించమన్నాడంటే మగ్గం పోతుంది. ఇప్పుడు ముక్కలు పడేస్తే పట్టు పోయినా మగ్గం మిగులుతుంది. పడెయ్ నాయనా, పడెయ్ అని ఆ పిల్ల లోలోపలే మొక్కుకుంది.

"మగ్గం పెడతాండా," అన్నాడు కదిరప్ప.

అవ్వ కళ్ళు మూసుకుంది. సుంకప్ప తన ముక్కలను మళ్ళీ చూసుకున్నాడు. కదిరప్ప ముఖం చూశాడు. అది పాలిపోయి ఉంది. తర్వాత చూపు మెల్లగా కిందికి దించాడు. వేలు ఇంకా నొక్కుతూనే ఉంది. సుంకప్ప చేయి రెండో కట్ట మీదికి పోయింది. దాన్ని పైకెత్తింది.

అతను కట్టను ఉన్నచోటే దించాడు.

"పో. తీసుకో పో," అని తన ముక్కలు విసిరేశాడు. అవి వెల్లకిలా పడ్డాయి. రెండు, నాలుగు, ఏడు.

కదిరప్ప వాటిని ఒక్కొక్కటే చూశాడు. తన ముక్కలను బోర్లా తోసేసి నడుమ ఉన్న కట్టను ఒళ్ళోకి లాక్కున్నాడు. ముఖంలోకి నెత్తురు తిరిగి వచ్చింది.

"జడుసుకున్నావు గదా సుంకప్పా?"

"ఒగ పాలికే మురిసిపోతే ఎట్లప్పా? బండికి ఇంగా పొద్దుండాది. ఇంగొగటి ఆడదాం. ఈ తూరి మామూలు ఆట." సుంకప్ప రెండో కట్టను మోకాలి మీద పెట్టుకుని నిమిరాడు.

కదిరప్ప కళ్ళు ఆ కట్టను వదల్లేదు. "పంచు," అన్నాడు.

అప్పుడు కమలాక్షి తలుపు చాటు నుంచి బయటికి వచ్చింది. ఎందుకొచ్చావని నాయన అడిగేలోపే చాప మీద అతని పక్కన కూర్చుని, అతని కుడికాలి బొటనవేలిని పిడికిట్లో గట్టిగా పట్టుకుంది. సుంకప్ప ముఖంలోకి నేరుగా చూసింది.

ముక్కలు కలుపుతున్న సుంకప్ప చేతులు ఆగిపోయాయి.

"ఏమ్మే ఇది?" అన్నాడు కదిరప్ప. కూతురి చేతిని చూశాడు, తన వేలిని చూశాడు. తర్వాత తలెత్తి సుంకప్పను చూశాడు. సుంకప్ప అతని కళ్ళలోకి చూడలేక చాప అంచు సర్దాడు.

"పంచప్పా సుంకప్పా," అంది అవ్వ. "మా పిల్ల అట్లే పట్టుకొనుంటాది. నీకేమన్నా అడ్డమా?"

"బండికి పొద్దయింది." సుంకప్ప ముక్కలు కింద పెట్టి, మిగిలిన కట్టను కండువాలో మూటగట్టుకుని లేచాడు.

కదిరప్ప తన కాలిని చూసుకున్నాడు. కమలాక్షి పట్టు ఇంకా వదల్లేదు.

"నీకెప్పట్నించి తెలుసే?"

"సిన్నప్పట్నించి."

"వానికి?"

"ఈ పొద్దన్నించి."

"నాకెవురూ చెప్పల్యా," అన్నాడు కదిరప్ప, అవ్వ వైపు తిరిగి.

"చెప్తే నేను గెలిచేదెట్లరా?" అని అవ్వ ఆకు నమలసాగింది.

కదిరప్ప నవ్వలేదు. మిగిలిన ఒక్క కట్టను రెండు చేతులతో ఎత్తి కూతురి ఒళ్ళో పెట్టాడు. "రేపు తెల్లారే పట్టును కండెలకు చుట్టాల. దీన్ని నీకాడే పెట్టుకో. నేనడిగినా ఈయొద్దు."

ఆమె అప్పుడు వేలు వదిలింది.