కుర్చీల మీద కుళ్లుకున్న జంపఖానా

నేను ఒక జంపఖానాను. నాకు అసూయ ఎక్కువ. తర్వాత మీరు కనిపెట్టి నవ్వుకునేకన్నా ముందే చెప్పుకోవడం నయం. ఓరుగల్లు మగ్గం మీద ఎర్రచారలతో పుట్టాను. అదే నూలుతో నేసిన నా తోబుట్టువును పెళ్లిమండపం వాళ్లు కొనుక్కుపోయారు. దాని మీద పన్నీరు చల్లుతారట, పక్కనే సన్నాయి వాయిస్తారట. నన్నేమో అటవీ శాఖ కొని, మూలన నల్లరంగుతో ఆఫీసు పేరు కొట్టి, జీపు వెనక పడేసింది.

ఆ జీపులోనే ప్లాస్టిక్ కుర్చీలు ఉండేవి. నా అసలు కడుపుమంట వాటి మీదే. ఏ ఊళ్లో సభ జరిగినా రేంజరుగారూ, వన సమితి అధ్యక్షుడూ, మరో ఇద్దరు పెద్దమనుషులూ కుర్చీల్లో కూర్చుంటారు. మిగతా ఊరంతా నా మీదే. కుర్చీలో కూర్చున్నవాళ్ల మాట కాగితమెక్కుతుంది. నా మీద కూర్చున్నవాళ్ల మాట నా పోగుల్లోనే ఇంకిపోతుంది. బరువు నాకూ, పరువు వాటికీ! ఒళ్లు మండదా మరి?

ఒకసారి భద్రాచలం వైపు గుట్టల్లో నెమలిగుంపు అనే గూడేనికి వెళ్లాం. రాబోయే పదేళ్లలో ఆ అడవిలో ఎక్కడ ఏం నాటాలి, ఎక్కడికి ఎవరూ వెళ్లకూడదు అన్న ప్రణాళిక తయారైంది. దాని మీద జనం అభిప్రాయం అడగాలట. తయారయ్యాక అడగడం మనుషుల పద్ధతి. ఎర్రగుట్ట వాలంతా టేకు నాటి కంచె వేస్తామని రేంజరుగారు చదివారు. అధ్యక్షుడు పుల్లయ్య కుర్చీలోంచే "సరే సారూ" అన్నాడు.

నా మీద కూర్చున్నవాళ్లలో కుంజా ఆదమ్మ ఒకతె. విస్తళ్లు కుట్టి అమ్మడమే ఆమె బతుకు. అందుకు కావలసిన అడ్డాకు తీగలన్నీ ఆ వాలు మీదే ఉన్నాయి. "కంచేత్తే ఆకు యాడ కోసేది?" అని పక్కామెతో గొణిగింది. నేను తప్ప ఎవరూ వినలేదు.

"అభ్యంతరాలేమీ లేవుగా?" అంటూ రేంజరుగారు లేచారు. చప్పట్లు మోగాయి, కుర్చీలు జీపెక్కాయి. అదేరోజు పక్క ఊళ్లో ఇంకో సభ ఉంది, అక్కడా నన్నే పరవాలి. గార్డు వచ్చి నా అంచు పట్టుకుని లాగాడు. ఆదమ్మ కదల్లేదు. ఆమెను చూసి మిగతా ఆడవాళ్లూ కదల్లేదు.

"లెగు ఒదినా, సార్లు ఎల్లాల," అన్నాడు పుల్లయ్య. ఆదమ్మకు మరిది వరస అతను.

"సార్లకి అయిపోయింది. మాకింకా మొదలుకాలేదు."

ఆఫీసు సొత్తును వదిలేసి పోలేరు, ఆడవాళ్లను లాగి పడేయనూ లేరు. రేంజరుగారు గడియారం చూసుకున్నారు, గార్డును కసిరారు, చివరికి బూట్లు విప్పి వచ్చి కూర్చున్నారు. నా మీద! జీపులో కాళ్లు పైకెత్తి పడున్న కుర్చీల మొహాలు అప్పుడు చూడాలి. నిజం చెప్పొద్దూ, ఆదమ్మ ఆకు సంగతి కూడా కాసేపు మర్చిపోయాను.

పొద్దు వాలేదాకా మాట్లాడుకున్నారు. వాలు కింది సగంలో టేకు, పై సగం కంచె లేకుండా ఆకు కోసేవాళ్లకు అని రాశారు. "మళ్లీ సదవండి సారూ," అని ఆదమ్మ ఇంకోసారి చదివించుకుంది.

ఐదేళ్ల తర్వాత ఆ ప్రణాళికను సరిచూడటానికి మళ్లీ అదే గూడేనికి వెళ్లాం. ఈసారి కొత్త రేంజరుగారు. జనాన్ని గౌరవించాలని ఊరందరికీ కుర్చీలు తెప్పించారు. దుమ్ము పడకుండా ఆ కుర్చీల మీద దారంతా కప్పుకొచ్చింది దేన్నో తెలుసా? నన్ను! ఆ అవమానం పగవాళ్లకు కూడా వద్దు.

కుర్చీలు వరసగా వేశారు. ఆదమ్మ కూర్చుంది. పై సగం కూడా టేకుకు ఇచ్చేద్దామా అని రేంజరుగారు చదువుతుంటే, వెనకామెతో మాట్లాడదామని తిరిగింది, మళ్లీ తిరిగింది. మెడ నొప్పెట్టినట్టుంది. కుర్చీ పక్కకు నెట్టి కింద కూర్చుంది. ఆడవాళ్లంతా దిగి ఆమె చుట్టూ చేరారు. కొత్త రేంజరుగారు కాసేపు ఒంటరిగా నిలబడి, తనూ దిగొచ్చారు. పై సగం జోలికి ఎవరూ పోకూడదని అక్కడే తేలిపోయింది.

జీపులో మడతపడి ఉన్న నాకు ఊపిరాడలేదు. ఇప్పుడైనా పిలుస్తారని చూశాను. గార్డు అడిగాడు కూడా.

"జంపఖానా పరవనా ఆదమ్మా?"

"వద్దులే, నేల సల్లగా బాగుంది."

కుర్చీల మీద కూడా నేనెప్పుడూ ఇంతగా కుళ్లుకోలేదు.