ఏ నంబరో తెలియని పాట

మా తమ్ముడు నతానియేల్‌కి డబ్ల్యూగెట్ మీద ఉన్నంత నమ్మకం నా మీద లేదు. ఇంటర్నెట్ నుంచి ఫైళ్ళు దించుకునే కంప్యూటర్ కమాండ్లలో వాడిది డబ్ల్యూగెట్, నాది కర్ల్. మామూలుగా ఈ గొడవ బొల్లారంలో మా ఇంటి గడప దాటదు. ఆ సాయంత్రం మాత్రం ఆరింటికి మా చర్చి క్వయర్ పాత వెబ్‌సైట్ మూసేస్తున్నారు. అందులో అమ్మ పాడిన పాట ఒకటుంది. అమ్మ పోయాక ఆమె గొంతు మాకు ఇంకెక్కడా లేదు. రికార్డింగ్ రోజు డాడీ డ్యూటీలో ఉన్నారు, ఆయన ఆ పాట విననే లేదు.

"క్యారలక్కా, జెర జరుగు. డబ్ల్యూగెట్‌కి ఒక్క పేజీ చూపిస్తే చాలు, లింకులు పట్టుకుని సైట్ మొత్తం గుంజుకొస్తది" అన్నాడు తమ్ముడు.

నిజమే, కర్ల్‌కి ఆ పని చేతకాదు. లేచి కుర్చీ ఇచ్చాను. వాడు ఎంటర్ కొట్టాడు. ఒక్క ఖాళీ పేజీ వచ్చి ఆగిపోయింది. సైట్ వాళ్ళు లింకులన్నీ ముందే తీసేశారు. డాడీ ఫోన్లో ఉన్న పాత లింకు ఒక్కటే ఇంకా తెరుచుకుంటోంది, అది వేరెవరో పాడింది.

"ఏందిరా గిది! ఆరు కావస్తుంది!" అని వాడి మీద అరిచాను.

డాడీ మంచం మీద కూర్చుని తల పట్టుకున్నారు. "ఆ రోజు మీ అమ్మకి ఏ నంబరు ఇచ్చిండ్రో కూడా నాకు తెల్వదు బిడ్డా."

నంబరు! మా చర్చిలో పాటను పేరుతో ఎవరు పిలుస్తారు? కీర్తనల పుస్తకంలో నంబరే చెప్తారు. ఫోన్ లాక్కుని చూశాను. ఆ లింకు చివర 045 అని ఉంది, అంటే పుస్తకంలో నలభై ఐదో పాట.

"లేవరా!" అంటూ తమ్ముణ్ణి కుర్చీలోంచి లాగేశాను. వరస నంబర్లయితే కర్ల్‌కి లింకులతో పనేముంది? 045 తీసేసి, ఆ చోట బ్రాకెట్లో పుస్తకం మొదటి నంబరు నుంచి చివరిదాకా ఇచ్చి ఎంటర్ కొట్టాను. లేని నంబర్లను దాటేస్తూ, ఉన్నవాటిని దించేస్తూ అది పరిగెత్తింది.

"కర్ల్ జిందాబాద్!" అని తమ్ముడు గెంతాడు. సిగ్గు లేదు వాడికి.

ఆరు కొట్టేలోపే అన్నీ దిగాయి. ఒక్కొక్కటే తెరుస్తూ పోయాడు వాడు. ఎవరెవరివో గొంతులు. తర్వాత ఒక చిన్న దగ్గు, ఆ వెంటనే అమ్మ.

"నూట డెబ్బై రెండో పాట. అందరం లేచి పాడుకుందాం."

డాడీ మంచం మీద నుంచి లేచి నిలబడ్డారు. పాట అయ్యేదాకా మేమెవరం కూర్చోలేదు.