నాలుగో గడి

నవనీత ఆకు కత్తిరిస్తోంది. ఒళ్లో చాట, చాటలో తడిపి గోనెసంచిలో చుట్టిపెట్టిన తునికాకు. రేకు అచ్చును ఆకు మీద ఆనించి చుట్టూ కత్తెర తిప్పితే బీడీకి సరిపడే ముక్క చేతిలోకి వస్తుంది. పక్కనే ఆమె అత్త కొమురవ్వ ఆ ముక్కలో తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం బిగిస్తోంది. ధర్మపురి చుట్టుపక్కల ఏ ఊళ్లో ఏ ఇంటికి పోయినా ఈ వేళకు ఆడవాళ్లు ఇదే పనిలో ఉంటారు. కాకపోతే మిగతా ఇళ్లలో చేతులతో పాటు నోళ్లూ ఆడతాయి. ఈ ఇంట్లో కత్తెర చప్పుడొక్కటే. దర్వాజ పైన గోడకు కెమెరా ఉంది. దాని కింద కూర్చుని ముచ్చట పెట్టడం ఇద్దరూ ఎప్పుడో మానేశారు.

ఫోన్ మోగింది. మస్కట్ నుంచి శ్రీహరి. ఆమె పెనిమిటి.

"ఇల్లు కనవడ్తలేదు నవనీతా," అన్నాడు, ఎట్లున్నవ్ అని కూడా అడగకుండా. "మా స్టోరుల కంప్యూటర్లు మార్చిండ్రు. అన్నిట్ల గా లైనక్స్ ఏసిండ్రు. కెమెరా పేజీ తెరుస్తె చక్రం తిరుగుతది, ఇగ నల్లగైతది. ఫోన్ల జూస్తమంటే అది గేటు కాడనే పెట్టి లోపలికి పోవాలె, గిప్పుడు చాయ్‌కి బయటికొచ్చి జేస్తున్న. పొద్దుందాక నాకు ఇల్లే లేనట్టుంది."

"కంప్యూటర్లు బాగుజేసేటోళ్లు ఉంటరు గద ఆడ. ఆళ్లకు చెప్పరాదుండ్రి."

"ఏమని జెప్పాలె? మా ఇంటి ఆడోళ్లను జూసుకోవాలని జెప్పాల్నా? నీ పాత లాప్‌టాప్ల గదే ఉంది గద. మా బడిల నేర్పిండ్రని ఎచ్చులు వోతుంటివి. దాంట్ల తెరిచి జూడు ఏడ ఖరాబైందో. పాస్‌వర్డ్ పంపుతున్న. అన్నం బెల్లుకు ఫోన్ జేస్త, అప్పటికి గావాలె. కాకుంటె అరుణ్‌కుమార్‌ను తోలిస్త, వాడే బిగిచ్చిండు గద, వాడే జూస్తడు."

ఫోన్ పెట్టేశాడు. నవనీత కత్తెర చాటలో పెట్టింది. అంటే కంపెనీ వాళ్లు కంప్యూటర్లు మార్చిన దగ్గరి నుంచి పగటిపూట ఎవరూ చూడటం లేదు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. తెలిసుంటే ఒక్క మధ్యాహ్నమైనా కాళ్లు చాపుకుని గోడకు చేరగిలబడేది. వంటింట్లో నిలబడి ఇంత అన్నం తీరిగ్గా తినేది. చూపు లేని రోజుల్లో కూడా చూపుకు భయపడుతూ వంగి తిరిగింది. ఇప్పుడేమో ఆ చూపును బాగు చేసే పని తన మీదే పడింది.

పోయినసారి సెలవు మీద వచ్చినప్పుడు శ్రీహరి మూడు కెమెరాలు పెట్టించాడు. గేటు కాడ ఒకటి, ముందరింట్లో ఒకటి, వంటింట్లో ఒకటి. "దొంగల భయం, నీ కోసమే," అన్నాడు. కొమురవ్వ మురిసిపోయింది. "మా కొడుకు గా దేశంలుండి మమ్ముల జూసుకుంటుండు. మొగోడు లేకున్నా ఇంట్ల ఉన్నట్టే ఉంది," అని వాడకట్టు వాళ్లందరికీ చూపించుకుంది. ఒకనాడు పక్కింటి ఆఫ్రీన్ తన చాట పట్టుకుని వచ్చి కూర్చుంది. ఆమె, నవనీత ఏదో తలచుకుని నవ్వుతున్నారు. గోడ మీది కెమెరాలోంచి మగగొంతు వచ్చింది: "ఆకు పక్కకువెట్టి ఏం నవ్వుతున్నవే?" ఆఫ్రీన్ చేతిలోని తంబాకు నేలంతా చల్లుకుపోయింది. గబగబా చాట సర్దుకుని పోయిన పిల్ల మళ్లీ ఈ గడప తొక్కలేదు.

గోడలోంచి వచ్చే గొంతుకైనా నవనీత అలవాటు పడింది. అలవాటు కానివి వేరే ఉన్నాయి. "పచ్చ రైక చంక కింద చినిగింది, కుట్టుకోరాదా?" అన్నాడొకసారి. ఆ రైక వేసుకుని ఆమె బయటికి రానే లేదు. లోపలి అర్రలో తొడిగి చూసి, చినిగిందని విప్పేసింది. "అద్దం ముందట అంతసేపెందుకు నిలవడ్తవ్, ఎవలికి జూపియ్యాలె?" అన్నాడు ఇంకోసారి. అర్రలో కెమెరా లేదు. ఉన్నది అత్తే. అత్తే మాటలు మోస్తోందనుకుంది నవనీత. అప్పటి నుంచి అత్త అడుగుల చప్పుడు వింటే అద్దం ముందు నుంచి తప్పుకునేది. మొగుడు సముద్రం అవతల ఉన్నాడు. అత్త పక్కనే పడుకుంటుంది.

లాప్‌టాప్ బీరువా అడుగున చీరల కింద ఉంది. పెళ్లికి ముందు నెట్ సెంటర్‌లో పని చేసినప్పుడు కొనుక్కున్నది. ఆమె చదివిన ఊరి బడిలో ఎవరో దానమిచ్చిన పాత కంప్యూటర్లు ఉండేవి, అన్నింట్లో లైనక్సే. మగపిల్లలు ముందు కూర్చునేవాళ్లు. వెనక నిలబడి, తన వంతు వచ్చేదాకా వాళ్ల వేళ్ల వంకే చూస్తూ నేర్చుకుంది.

"అత్తమ్మా, నీ కొడుకు పని జెప్పిండు. జరసేపు ఆకు పక్కకు వెడ్త."

"వాడు జెప్తె జెయ్యవడితివి. నేను తానం జేసొస్త," అని కొమురవ్వ మోకాళ్లు పట్టుకుని లేచింది. తానాల గది పెరట్లో ఉంది.

నవనీత పేజీ తెరిచింది. తెర నాలుగు గడులయ్యింది. ఒక్కో గడిలో తెల్లని చక్రం తిరిగి తిరిగి మాయమై నలుపు మిగిలింది. మూడు కెమెరాలకు నాలుగు గడులెందుకో అనుకుంది గానీ, ఒకటి ఖాళీ అయ్యుంటుందని సరిపెట్టుకుంది. పేజీని మళ్లీ తెచ్చింది. బ్రౌజర్ దాచుకున్న పాత సరుకంతా తుడిచింది. వేరే బ్రౌజర్‌లో తెరిచింది. బొమ్మల భారం ఏ చిప్పు మొయ్యాలో చెప్పే సెట్టింగు తీసేసి చూసింది. నలుపు నలుపే. బెల్లు కొట్టేలోపు కాకపోతే అరుణ్‌కుమార్ వస్తాడు. పోయినసారి నిచ్చెన మీద నిలబడి, కెమెరా సరిచేసే నెపంతో ఆమెను అటు జరుగు, ఇటు జరుగు అని గదంతా తిప్పినవాడు.

గడి మూలన స్పీకర్ గుర్తు కొట్టేసి ఉంది. దాన్ని తెరిచింది. మొదటి గడిలోంచి రోడ్డు మీద ఆటో పోయిన చప్పుడు. రెండో దాంట్లో ఎవరిదో ఊపిరి. వింటే అది తనదే, కాస్త ఆలస్యంగా వస్తోంది. మూడో దాంట్లో వంటింటి నల్లా చుక్కలు. అలవాటు కొద్దీ నాలుగోది కూడా తెరిచింది.

టక్కు. టక్కు. టక్కు.

ఫ్యాను. ఒక్కో చుట్టుకూ ఒకసారి టక్కుమనే ఫ్యాను ఈ ఇంట్లో ఒక్క లోపలి అర్రలోనే ఉంది.

అర్రలో కెమెరా పెట్టనే లేదు. చప్పుడు వస్తోందంటే నెట్ బాగుంది, పాస్‌వర్డ్ బాగుంది. బొమ్మనే కొత్త పద్ధతిలో మూటగట్టి పంపుతోంది కెమెరా. ఆ మూట విప్పడం లైనక్స్‌లోని ఈ బ్రౌజర్‌కు రాదు. పాత పద్ధతిలో కట్టమని కెమెరాకు చెబితే చాలు, ఇక్కడా వస్తుంది, మస్కట్‌లోనూ వస్తుంది. ఇంత చిన్న పని. సెట్టింగుల్లోకి పోయి కొత్త పద్ధతికి గుర్తుగా 265 అని ఉన్నచోట పాతదైన 264 పెట్టింది. గేటు వెలిగింది. మళ్లీ పెట్టింది. ముందరిల్లు వెలిగింది. అందులో ఒక ఆడమనిషి వీపు, చెవుల దాకా లేచిన భుజాలు, దెబ్బ పడబోతున్నట్టు ముడుచుకుని. తన వీపును ఆమె ఎన్నడూ చూసుకోలేదు. వంటింటిని వెలిగించింది.

నాలుగో దాని దగ్గర వేలు ఆగింది. ఇది మార్చకుంటే? అరుణ్‌కుమార్ వచ్చి మారుస్తాడు. మార్చేటప్పుడు చూస్తాడు. ఈపాటికే చూసి ఉంటాడు. అసలు ఏముందో చూడకుండా ఈ ఇంట్లో ఈ రాత్రి ఎక్కడ పడుకోవడం? నొక్కింది.

బీరువా. అద్దం. దండెం మీద పచ్చ రైక. పైనుంచి వాలుగా, గోడకు నెట్ డబ్బా ఉన్న చోటి నుంచి. సిగ్నల్ మంచిగ రావాలని శ్రీహరి తన చేతులతో పెట్టిన తెల్ల డబ్బా అది. నవనీత దాన్ని ప్రతి శుక్రవారం తడిగుడ్డతో తుడిచి, మళ్లీ పొడిగుడ్డతో తుడిచేది.

చినిగిన రైక. అద్దం ముందు నిలబడ్డ సేపు. మోసింది అత్త కాదు.

అప్పుడే ఆ గడిలో తలుపు తెరుచుకుంది. ఊరి ఆడవాళ్లందరి లాగే లంగా రొమ్ముల మీదికి కట్టుకుని, తడి తలతో కొమురవ్వ లోపలికి వచ్చింది. చీర కోసం దండేనికి చెయ్యి చాచింది. రెండో చెయ్యి లంగా ముడి మీదికి పోయింది.

ఇక్కడ వెలిగిందంటే అక్కడా వెలిగి ఉంటుంది. స్టోరులో, పట్టపగలు, శ్రీహరి కుర్చీ వెనక ఎవరెవరు నిలబడి ఉన్నారో. వెలిగించింది తనే.

కాలు తగిలి చాట ఎక్కడ ఎగిరిపడిందో నవనీత చూడలేదు. పరుగెత్తిపోయి, కుర్చీ ఎక్కి, దండెం మీది తువ్వాల లాగి ఆ డబ్బా మీద కప్పింది.

"ఏందే, నెత్తి ఖరాబైందా?" కొమురవ్వ లంగా పట్టుకుని కేకేసింది. "ముసల్దాన్ని బట్ట గట్టుకుంటుంటె గిట్ల ఉరికొస్తవా? సిగ్గుశరం లేదా?"

"చీర గట్టుకో అత్తమ్మా. ముందుగాల చీర గట్టుకో." అత్త ఒంటికి చీర చుట్టుకునేదాకా నవనీత అటు తిరిగి నిలబడి, పోయి లాప్‌టాప్ తెచ్చింది. "గిది జూడు. గిది గేటు. గిది నేను గూసున్న కాడ. గిది..." నాలుగో గడిలో ఇప్పుడు తువ్వాల నేత తప్ప ఏమీ లేదు. "గిది గీ అర్ర. గా డబ్బల కెమెరా ఉంది."

"గది నెట్‌ది."

"కాదు. పచ్చ రైక చినిగిందని ఆయనకు నువ్వే జెప్పినవనుకున్న అత్తమ్మా. ఇన్ని దినాలు నిన్నే అనుకున్న."

కొమురవ్వ చీర కుచ్చిళ్లు దోపుకుంటూ ఆగింది.

"నేనెందుకు జెప్త? నీ రైక నేనెన్నడు జూసిన?" అంది. గొంతు తగ్గించి మళ్లీ అడిగింది. "నా తొడ మీద గడ్డయిందని వానికి నువ్వు జెప్పలేదా?"

"నాకు తెల్వనే తెల్వదు."

"దవఖానకు పో అవ్వా, గడ్డ పెద్దగైతుందన్నడు. కోడలు ఎప్పుడో జూసి మోసిందనుకున్న. అందుకే నీతోని..." తల అడ్డంగా ఊపింది. "కాదు. నా కొడుకు గిసొంటి పని జెయ్యడు. తల్లి బట్ట గట్టుకునే కాడ... కాదు. నువ్వు వాని మీద కోపానికి అంటున్నవ్."

అత్త నమ్మకపోతే, బెల్లు కొట్టి ఫోన్ రాగానే ఈమే కొడుక్కు చెప్తుంది. ఆ తర్వాత ఈ ఇంట్లో తన మాట పిచ్చిదాని మాటే. పేజీలో దాచి ఉన్న ఏ పాత రోజు రికార్డింగు మీద నొక్కినా సాక్ష్యం వస్తుందని నవనీతకు తెలుసు. ఆ సాక్ష్యంలో ఉండేది మళ్లీ వాళ్లిద్దరి ఒళ్లే. వేలు కదల్లేదు.

ముందరింట్లో గోడ మీది నుంచి గొంతు వచ్చింది. మంచి ఖుషీగా ఉంది.

"ఆఁ! వచ్చింది, వచ్చింది! మంచిగ కొడ్తుంది బొమ్మ. శెబ్బాష్ నవనీతా!" ఆ వెనక ఇంకెవరో నవ్వారు. "ఏడున్నరు ఇద్దరు? అవ్వా! లోపలి అర్రల డబ్బా మీద గా తువ్వాల ఎందుకేసిండ్రు? తియ్యుండ్రి, సిగ్నల్ రాదు."

కొమురవ్వ ఆ తువ్వాల వంక చూసింది. ముఖంలో కోపం లేదు, ఏడుపు లేదు. ఒంటి మీద ఏదో పాకుతున్నట్టు కొంగు మెడ చుట్టూ, భుజాల చుట్టూ, మళ్లీ మళ్లీ చుట్టుకుంది. అర్ర దాటింది. ముందరింట్లో చెదిరిపడ్డ ఆకు మీది నుంచే నడిచింది.

"అవ్వా, తడినెత్తితోని ఏడికి? అవ్వా, నిన్నే!"

ఎప్పుడు పిలిచినా ఆ గొంతుకు ఓ కొడుకా అని పలికే మనిషి తల ఎత్తలేదు.

"నవనీతా! అవ్వ ఏడికి పోతుంది? జెప్పు! ఏం జెప్పినవ్ అవ్వకు?"

నవనీత లాప్‌టాప్‌ను మూయకుండానే రెండు చేతులతో గుండెకు అదుముకుంది. ఆ గొంతు కింది నుంచే నడవాలి, వేరే దారి లేదు. నడిచింది. వాకిట్లో కొమురవ్వ గేటు తీసి, అవతలికి పోకుండా, వెనక్కి చూడకుండా, అది మూసుకుపోకుండా చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. కోడలు దాటేదాకా పట్టుకుని, తర్వాత వదిలేసింది.