భీముడి గద

"పెరుగు గిన్నెలో ఆ జిగురు కలపొద్దని చెప్పానా, లేదా?" అంది వేదవతి.

"జిగురు కాదు, అచ్చులు తీసే సిలికాన్ రబ్బరు. గట్టిపడ్డాక ఒలిస్తే వచ్చేస్తుంది" అన్నాడు కామేశ్వరరావు.

"గిన్నె నాది కాబట్టి మీకు అలాగే అనిపిస్తుందిలెండి!"

దోహాలోని వాళ్ళ తెలుగు సంఘం ఏటా వేసే నాటకంలో వేషాలు నటన చూసి ఇవ్వరు. కిరీటం తెచ్చినవాడు దుర్యోధనుడు, గద తెచ్చినవాడు భీముడు. గద ఉన్నది అల్ ఖోర్ ఊళ్ళో ఉండే పట్టాభి ఒక్కడి దగ్గరే కాబట్టి ఏటా అతనే భీముడు. ఈసారి ఆ వేషం ఎలాగైనా కొట్టెయ్యాలని, మా అమ్మాయికి చూపిస్తానంటూ కామేశ్వరరావు ఆ గదనే అడిగి తెచ్చాడు. బకెట్లో నిలబెట్టి చుట్టూ సిలికాన్ పోశాడు. గట్టిపడ్డాక కోసి గదను బయటికి తీస్తే, అచ్చు ముచ్చటగా దిగింది. ఇక అందులో, ఆరితే రాయిలా గట్టిపడే రెజిన్ పోయడమే మిగిలింది.

"పట్టాభిగారి గద లోపల డొల్లండీ. మీరూ కాస్త పోసి అచ్చును తిప్పండి, చుట్టూ అంటుకుంటుంది" అంది వేదవతి.

"డొల్ల గద పట్టడానికి నేనేమన్నా పట్టాభినా?" అంటూ అంచుదాకా నింపేశాడు.

గద అచ్చం అలాగే వచ్చింది. బంగారు రంగు పూసి, అద్దం ముందు నిలబడి భుజానికెత్తబోయాడు. అది మోకాలిదాకా వచ్చి ఆగింది. మళ్ళీ ఎత్తబోతే నడుం పట్టేసింది.

శుక్రవారం మధ్యాహ్నం వీపు వెనక దిండు పెట్టుకుని భోజనానికి కూర్చున్నాడు. వేదవతి కొత్త గిన్నెలోంచి పెరుగు వడ్డించింది.

"భీముడి వేషంలో అసలు నటనకు చోటే లేదు. ఈసారి నాటకానికి నేను డైరెక్షన్ చేస్తున్నాను" అని ప్రకటించాడు కామేశ్వరరావు.